రేడియేటర్ దుకాణంలో ఆడిన అబద్ధం

నా కారు వెనక వెండిరంగు అక్షరాల బిళ్ళ ఒకటుంది. ఆ చిన్న కారులో అన్నిటికన్నా ఖరీదైన రకానికి కంపెనీ వాళ్ళు పెట్టే బిళ్ళ అది. నా కారు ఆ రకం కాదు. అన్నిటికన్నా కింది రకం, ఏసీ కూడా లేకుండా ఫ్యాక్టరీ గేటు దాటిన బండి. మా ఊరి పక్క హిజ్లీలో ఉద్యోగం వదిలి ఊరెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర కొన్నాను. తరవాత ఎప్పుడో బయటి మెకానిక్ చేత ఏసీ పెట్టించింది ఆయన. బిళ్ళ అంటించింది మాత్రం నేనే. మా అమ్మాయి పెళ్ళిమాటల రోజున వియ్యంకుడుగారు కారు చుట్టూ ఒకసారి తిరిగి, "టాప్ మోడలే కొన్నారు బావగారూ!" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. కాదని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం దాటిపోయింది.

ఆయన రైల్వే ఆఫీసులో పెద్ద గుమాస్తాగా రిటైరయ్యారు, నేను వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా. ఆయన కాగితాల మనిషి, నేను గ్రీజు మనిషిని. ఖరగ్‌పూర్‌లో మా తెలుగువాళ్ళ మధ్య ఆ తేడా ఎవరూ పైకి అనరు. అనకపోయినా నాకు ఎప్పుడూ గుచ్చుకుంటూనే ఉండేది. అందుకే ఆ బిళ్ళ.

ఇంట్లో నేనూ మా అక్కా ఉంటాం. నా భార్య పోయాక, అప్పటికే భర్త లేని అక్క నా దగ్గరికి వచ్చేసింది. ఆమె కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమకంటికి పుండు పడి మానాక నల్లగుడ్డు మీది పొర తెల్లబడిపోయింది. వెలుతురు తెలుస్తుంది, మనిషి ఎదురొస్తే నీడ తెలుస్తుంది, అంతే. చనిపోయినవాళ్ళ కంటిపొర దొరికితే దాన్ని అతికించి చూపు తెప్పించవచ్చని కోల్‌కతా ఆస్పత్రిలో పేరు రాసుకున్నారు. ఏడాది దాటింది. పొర దొరికిన రోజున కబురు చేస్తారట. మర్నాడు పొద్దున్న ఎనిమిదికల్లా పరగడుపున అక్కడ ఉండాలి. లేకపోతే జాబితాలో తరవాతివాళ్ళకి వేసేస్తారు. ఈ మాట డాక్టరు మాకు రెండుసార్లు చెప్పాడు.

ఆ రోజుల్లోనే కారు రేడియేటర్ పగిలింది. పై తొట్టి ప్లాస్టిక్‌ది, అతుకు దగ్గర చీలిపోయి గచ్చు మీద పచ్చనీళ్ళు మడుగు కట్టాయి. అతికించడానికి లేదు, మార్చాల్సిందే. ఇంత పాత బండికి కంపెనీ వాళ్ళు విడిభాగాలు ఆపేసి చాలాకాలమైంది. బయట తయారైనవే దిక్కు. మలంచా బజార్లో తనకి తెలిసిన దుకాణం ఉందని వియ్యంకుడుగారు సుభాష్‌పల్లిలోని వాళ్ళింటి నుంచి స్కూటర్ మీద వచ్చేశారు. వద్దని చెప్పే నోరు నాకెక్కడిది?

దుకాణం ఆయన బెంగాలీ. మావాళ్ళకి సామాన్లు అమ్మీ అమ్మీ తెలుగు బాగానే పట్టేశాడు. ఏ సంవత్సరం బండి, పెట్రోలా డీజిలా, గేర్లు చేత్తో వేసేవేనా అని వరసగా అడిగాడు. అన్నిటికీ నిజమే చెప్పాను. అప్పుడు లోపలికెళ్ళి రెండు రేడియేటర్లు తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"దాదా, ఈ ఒక్కటి ఠీక్‌గా సెప్పండి. ఏసీ కంపెనీదా, బాద్‌లో పెట్టించినారా? కంపెనీ ఏసీ బండికి ఈ మందంది. దీనికి ఫ్యాన్ దూరంగా కూకుంటాది. ఏసీ లేకుండా వచ్చిన బండికి ఈ పల్సటిది. పొడుగూ ఎడల్పూ ఒకటే, మోసపోతారు."

పల్చటిది చూడగానే నాది అదేనని తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళు ఇనప సామాను పట్టుకున్న చేతులివి, తెలియకపోవడమేమిటి? నోరు తెరవబోయాను. ఈలోగా పక్కనుంచి వియ్యంకుడుగారు పకపకా నవ్వి, "ఏటి దాదా ఆ ప్రశ్న! మా బావగారిది టాప్ మోడలు!" అన్నారు.

"కంపెనీదేనండీ," అన్నాను.

"పాతది ఇప్పి తెచ్చి పక్కన పెట్టి సూసుకోండి. తేడా ఉంటే మార్చి ఇస్తాను," అన్నాడు ఆ మంచి మనిషి. "అక్కర్లేదు, నేను వర్క్‌షాప్ మనిషిని," అన్నాను. అంత పొగరు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు.

ఇంటికొచ్చి పాతది విప్పాను. కొత్తది దాని గూట్లో పెడితే కింది పిన్నులు రబ్బరు గుంటల్లో కూర్చోలేదు. వేలెడు మందం ఎక్కువ. ఫ్యాన్ రెక్కలు దాని సన్నరేకుల జాలికి దాదాపు ఆనుకుంటున్నాయి. తిరిగి మలంచా వెళ్ళి మార్చుకురావడం ఎంతసేపు పని? కానీ వియ్యంకుడుగారు సాయంకాలాలు టీ తాగేది ఆ దుకాణం అరుగు మీదే. "మీ బావగారి బండి కింది మోడలంట" అన్న మాట మర్నాటికల్లా సుభాష్‌పల్లి చేరుతుంది. అక్కణ్ణుంచి మా అమ్మాయి అత్తగారి వంటింటికి చేరుతుంది. ఆ వంటింట్లో మా అమ్మాయి తల దించుకుని కూర గరిటె తిప్పుతున్నట్టు ఊహించుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అదీ సాకే. తల దించుకోవలసింది నేను.

వర్క్‌షాప్‌లో రెండు రకాల పనులుండేవి. డ్రాయింగ్ ప్రకారం చేసే పని ఒకటి. ఇన్‌స్పెక్షన్ దాటేదాకా నిలబడితే చాలనుకునే పని ఇంకొకటి. ఈ రెండోదానికి మా చేతిలో ఉన్న మంత్రం ప్యాకింగ్. వదులైన చోట రబ్బరు ముక్క, ఎత్తు చాలకపోతే రేకు ముక్క. నేను అందులో ఘనుణ్ణి. పాత టైరు ముక్కలు కోసి రేడియేటర్ని ముందుకి జరిపి కట్టాను. ఫ్యాన్ వెనక్కి జరిగేలా వాషర్లు వేశాను. చేత్తో తిప్పి చూస్తే జాలికీ రెక్కకీ మధ్య పెన్సిల్ మందం సందు వచ్చింది. హిజ్లీ దాకా నడిపి తీసుకొచ్చాను. వేడి ముల్లు కదల్లేదు. శభాష్ అని నా భుజం నేనే తట్టుకున్నాను.

మూడోరోజు మధ్యాహ్నం కబురొచ్చింది. పొర దొరికింది, రేపు ఎనిమిదికల్లా రండి అన్నారు. అక్క గోడ పట్టుకుని నిలబడి ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది. వెంటనే, "రైల్లో ఎల్దుంరా. తెల్లారకముందే లోకలుంది. నాకు పాసుంది, నీకూ పాసుంది," అంది.

మేం రైలువాళ్ళం. పుట్టింది రైల్వే ఆస్పత్రిలో, చదివింది రైల్వే స్కూల్లో. హౌరాకి వెళ్ళాలంటే మరో ఆలోచన ఉండకూడదు. కానీ సంగతి తెలిసి వియ్యంకుడుగారు ఫోన్ చేశారు. "టాప్ మోడల్ గుమ్మంలో ఉండగా అక్కగారిని లోకల్లో తోస్తారేటి బావగారూ?"

"తోపులాటలో నీకు కష్టం. కారులో హాయిగా పడుకుని వద్దువుగాని," అని అక్కతో అన్నాను.

"బండికి పర్లేదురా మరి?"

"కొత్త రేడియేటర్ వేశానక్కా."

చీకటుండగానే బయల్దేరాం. డెబ్రా దాటేదాకా అక్క కళ్ళు మూసుకుని పాటలేవో గొణుక్కుంటోంది. సగం దారిలో వచ్చే కోలాఘాట్ వంతెన ఇంకా రాలేదు. ముందునుంచి బరబరమని చప్పుడు, ఆ వెంటనే పొగలా ఆవిరి. బానెట్ ఎత్తి చూస్తే టైరు ముక్క ఒకటి జారిపోయి, ఫ్యాన్ రెక్క కొత్త జాలిని గుండ్రంగా కోసేసింది. నీళ్ళన్నీ రోడ్డు పాలు.

అప్పుడైనా వెంటనే అక్కని ఏదో ఒక బస్సెక్కించి ఉంటే అందుకునేవాళ్ళమేమో. లేదు. కారుని అలా దారిలో వదిలేస్తే నా సంగతి బయటపడుతుందన్న భయం. టీకొట్టులో నీళ్ళు తెచ్చి పోశాను, కారిపోయాయి. సబ్బు ముద్ద అద్దాను, కొట్టుకుపోయింది. ఈ లోపల ఆస్పత్రివాళ్ళు ఫోన్ చేశారు.

"ఎక్కడున్నారు?" అంది నర్సు.

"దగ్గరికి వచ్చేశామమ్మా, హౌరాలోనే ఉన్నాం," అన్నాను.

రెండో అబద్ధం. మొదటిదానికి వియ్యంకుడుగారి నవ్వు అడ్డం పెట్టుకున్నాను. దీనికి ఎవరున్నారు? ఎవరూ లేరు. నా నోరు అలవాటు పడిపోయింది, అంతే.

చివరికి కారు అక్కడే వదిలి, బస్సు పట్టుకుని ఆస్పత్రి చేరేసరికి పదకొండు దాటింది. తొమ్మిదిన్నర దాకా చూశారట. హౌరాలోనే ఉన్నామన్నాం కదా అని చూశారట. ఇక లాభం లేదని వార్డులో ఉన్న మరొకామెని లోపలికి తీసుకెళ్ళారు. అక్క బెంచీ మీద చీర కొంగు సర్దుకుంటూ, "ఎవరామె? సిన్నపిల్లా?" అని అడిగింది. ఇద్దరు పిల్లల తల్లి అని నర్సు చెప్పింది. "పోన్లే, మంచిదే," అంది అక్క. సర్దిన కొంగునే మళ్ళీ సర్దుకుంది. నేను అటు చూడలేక గోడ మీది బోర్డులన్నీ చదివాను.

తిరుగు ప్రయాణం రైల్లోనే. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఉలుబేరియా దాటాక అక్కే నన్ను ఓదార్చడం మొదలుపెట్టింది. "బండన్నాక పాడవుద్దిరా. నువ్వేటి సేస్తావు? నా కోసం ఎంత కట్టపడ్డావు!"

కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఇక ఆగలేకపోయాను. బిళ్ళ సంగతి, దుకాణం సంగతి, టైరు ముక్కల సంగతి, ఫోన్‌లో నర్సుతో అన్న మాట, అన్నీ చెప్పేశాను. ఎదటి సీటు ఆయన వింటాడేమోనని గొంతు తగ్గించి మరీ చెప్పాను. అప్పుడు కూడా పరువే!

అక్క నా వైపు తిరిగింది. నెమ్మదిగా అడిగింది. "సరిపోలేదని బిగించినప్పుడే తెలుసా?"

"తెలుసక్కా."

"నేను రైలన్నప్పుడు?"

"తెలుసు."

తిట్టలేదు. తిడితే బాగుండు అనుకున్నాను. చిన్నప్పుడు పెన్ను దొంగిలించానని తెలిసి చెవి మెలేసినట్టు మెలేస్తే బాగుండు అనుకున్నాను. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మళ్ళీ మాట్లాడింది ఖరగ్‌పూర్‌లో దిగి మెట్లెక్కేటప్పుడే. నా చెయ్యి పట్టుకునే ఉంది, గొంతు మామూలుగానే ఉంది.

"ఇకమీదట ఆస్పత్రోళ్ళు ఫోన్ సేస్తే నాకియ్యిరా. నువ్వు మాటాడకు."