సుధామయిగారి కుడి భుజం

సుధామయిగారు ఐదడుగులకు ఓ అంగుళం తక్కువ. కెనడాలోని హాలిఫాక్స్‌లో యూనివర్సిటీ ప్రొఫెసర్. పాతికేళ్లుగా ఆర్కిటిక్ దీవుల్లో పెరిగే నాచు మీద పరిశోధన చేస్తున్నారు. వచ్చే ఏడు రిటైర్మెంట్ కాబట్టి ఈ జూలై ప్రయాణమే ఆఖరిది. అక్కడ తెల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయని, బృందంలో ప్రతివాళ్లూ పెద్ద రైఫిల్‌తో పరీక్ష నెగ్గాలని ఈసారి రూలు పెట్టారు. బెంచి దగ్గర కూర్చుని మూడు గుళ్లూ అన్నం ప్లేటంత వలయంలో వేయాలి. తప్పితే ప్రయాణం లేదు.

"అన్నయ్యగారూ, మీరే నేర్పాలి" అంటూ నా దగ్గరకొచ్చారు. ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, షూటింగ్ క్లబ్‌లో పదేళ్ల మెంబర్ని. నేర్పమంటే నాకు పండగే.

కానీ ఆవిడ స్నేహితుడి భార్య, చెల్లెలి వరస. తుపాకి మడమ, అంటే వెనక చివర, భుజం గుంటలో ఎక్కడ ఆనాలో తాకి చూపిస్తే బావుండదని, ఆరడుగుల దూరాన నిలబడి లెక్చరిచ్చాను. "బెంచి మీదికి బాగా వంగండి. గట్టిగా పట్టుకోండి." పేలి వెనక్కి తన్నినప్పుడల్లా నొప్పుందా అనడిగితే "అబ్బే, ఏం లేదన్నయ్యగారూ" అనేవారు. గుళ్లు మాత్రం రోజురోజుకీ వలయానికి దూరంగా పోయాయి. "కళ్లు మూసుకుని కాలుస్తున్నారా ఏమిటి?" అని కసిరాను కూడా.

పరీక్ష పదిరోజులుందనగా మా ఇంటికొచ్చినప్పుడు, కాఫీ కప్పు అందుకోవడానికి ఆవిడ కుడిచెయ్యి లేవలేదు. నా భార్య వాసంతి లోపలికి తీసుకెళ్లి చూసి, నిప్పులు కక్కుతూ బయటికొచ్చింది.

"భుజమంతా నేరేడు పండులా కమిలిపోయిందండీ! దెబ్బ ఎముక మీద పడుతోంది. మీ చదువు తగలెయ్య!"

"నొప్పి లేదన్నారుగా!"

"నేర్పే పెద్దాయనకి నొప్పని ఎవరు చెప్తారు?"

సిగ్గేసింది.

వారం దాకా తుపాకి ముట్టనివ్వలేదు వాసంతి. తర్వాత తనే క్లబ్ రేంజికొచ్చి, మడమను సరైన చోట ఆనించి, దానికీ భుజానికీ మధ్యలో చిన్న ఇసుక సంచి పెట్టింది. నాకూ అప్పుడు బుర్ర పనిచేసింది. వంగి బెంచికి అతుక్కుపోతే ఒంటికి వెనక్కి జరిగే దారేది? తుపాకి కింద దిమ్మ ఎత్తు పెంచి నిటారుగా కూర్చోబెడితే, తన్నినప్పుడు ఒళ్లంతా వెనక్కి ఊగింది, భుజానికి అంత తగల్లేదు. ఇంజనీరుని, ఇంతమాత్రం తట్టలేదు, ఖర్మ!

పరీక్షరోజు రెండు గుళ్లు లోపలే పడ్డాయి. మూడోదానికి ట్రిగ్గర్ మీద వేలు పెట్టి, తీసేశారు.

"ఆగండి. సంచి జారింది. ఇలా అయితే నాకు నొప్పెడుతుంది, సర్దుకోవాలి" అని పరీక్ష పెట్టేవాడితో ఇంగ్లీషులో గట్టిగా చెప్పారు.

పర్లేదు, కానిచ్చేయండి అనబోయి నాలుక కరుచుకున్నాను. అతను ఆగాడు. ఆవిడ తీరిగ్గా సర్దుకుని కాల్చారు. గుండు వలయం అంచుకి లోపల పడింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టడం మరిచిపోయాను. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను. నా క్లాసులో ఒక్కరంటే ఒక్కరు "ఆగండి" అనలేదు. నేను బాగా చెప్తాను కాబట్టే అని ఇన్నాళ్లూ అనుకున్నాను.