పెన్నలో సాబియీన్లు

నా పెళ్లి సంబంధం పెన్నలో మునగబోయిన రోజు గురించి చెబుతాను. ముంచబోయింది నది కాదు, నా పాండిత్యం. మీరు ఎంతైనా నవ్వుకోండి గానీ, పొగమంచు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం నా కోసం కాస్త భయపడండి.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో కొత్తగా చేరిన సోషల్ టీచర్ని. జమ్మలమడుగులో ఖురాన్ పాఠాలు చెప్పే హజ్రత్ గారమ్మాయి నజ్మాను నాకు చూశారు. ఆ అమ్మాయి నాకు తెగ నచ్చింది. హజ్రత్‌కే నేనింకా నచ్చలేదు. ఖురాన్‌లో వచ్చే మతసమూహాల పేర్లకు అర్థాలేమిటో, అవి ఎలా పుట్టాయో ఆదివారం తన ఇంట్లో పెద్దలకు తెలుగులో చెప్పమన్నారు. నా మాటలు విన్నాకే తన మాట చెబుతానన్నారు.

ఇక పుస్తకాల మీద పడ్డాను. యూదులకు వాడే యహూద్ అంటే యహూదా వంశం వాళ్లని కొందరు, దేవుని వైపు మళ్లినవాళ్లని కొందరు. క్రైస్తవులకు వాడే నసారా అంటే నాసిరా, అదే నజరేతు, ఊరివాళ్లని ఒక మాట, దేవుని పనికి సాయంగా నిలిచినవాళ్లని ఇంకో మాట. మజూస్ పాత పారశీకుల పురోహితుల పేరు. చిక్కంతా సాబియీన్లతోనే వచ్చింది. వాళ్లెవరో పెద్ద పెద్ద పండితులకే తేలలేదు. కువైట్‌లో పనిచేసే మా మామ మాత్రం తేల్చేశాడు. ఇరాక్ దక్షిణాన తెల్లబట్టలు కట్టుకుని పారే నీళ్లలో మునిగేవాళ్లున్నారనీ, సాబియీన్లంటే వాళ్లేననీ ఫోన్లో చెప్పాడు.

స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీ దేవదానం సార్‌ది. పాత మిషన్ చర్చి కుటుంబం. వాళ్ల మనవడి బాప్తిస్మానికి నన్ను పిలిస్తే వెళ్లాను. గిన్నెలో నీళ్లు దోసిట్లోకి తీసి నుదుటి మీద చల్లారు. క్రైస్తవుల బాప్తిస్మం గిన్నె దాటదని అక్కడికక్కడే తీర్మానించేశాను. ఆ వారమంతా ఆయనకు సాబియీన్ల గురించి ఒకటే ఊదరగొట్టాను. ఆదివారం ఎక్కడికో రమ్మని ఆయన చెప్పబోతే తర్వాత వింటానని ఆపేశాను.

ఆదివారం తెల్లవారాక బండి మీద బయలుదేరాను. జమ్మలమడుగు ఇంకాస్త దూరం ఉందనగా ప్రసంగం ఒకసారి వల్లెవేసుకుందామని పెన్న ఒడ్డున ఆగాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే నా చెప్పులు నాకే కనిపించడం లేదు. పక్షి కూత లేదు. గొంతు సవరించుకుని ఆ తెలుపులోకి గట్టిగా అడిగాను.

"సాబియీన్లు ఎవరు? వాళ్లిప్పుడు ఎక్కడున్నారు?"

"ఈడే ఉండాం, ఖాజా సార్," అంది మంచు.

వణుకుతున్న గొంతు. నీళ్ల మీద నుంచి వచ్చింది. మంచు కొంచెం జరిగింది. నడుం లోతు నీళ్లలో తెల్లబట్టల మనుషులు వరసగా, మాటా పలుకూ లేకుండా నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకడు చప్పుడు లేకుండా మునిగాడు. చాలాసేపు పైకి రాలేదనిపించింది. వచ్చాక చెయ్యి చాచి నా వైపే నడవసాగాడు.

"రాండి సార్. మీకోసమే చూస్తాండాం."

నేనుగా నిర్ణయం ఏదీ తీసుకోలేదు. కాళ్లే తీసుకున్నాయి. బండీ తాళమూ ఒడ్డునే వదిలి హజ్రత్ ఇంటిదాకా పరిగెత్తాను.

ఇక్కడ తెలివైనవాడైతే నోరు మూసుకుంటాడు. నేను యహూద్, నసారా, మజూస్ గబగబా ముగించి, సాబియీన్లను ఈ పొద్దున పెన్నలో కళ్లారా చూశానని ప్రకటించాను. వాళ్లకు నా పేరు కూడా తెలుసన్నాను. పెద్దలంతా ముందుకు జరిగారు. తలుపు చాటున నజ్మా గాజుల చప్పుడు ఆగిపోయింది. హజ్రత్ మాత్రం నన్నే చూస్తున్నారు.

అప్పుడు వాకిట్లో తడి అడుగుల చప్పుడైంది. గడప అవతల తెల్లని అంగీ, దాని అంచు నుంచి కారుతున్న నీళ్లు. నా గొంతులోంచి వచ్చిన శబ్దానికి ఏ భాషలోనూ అర్థం లేదు.

"ఏంది సార్, పిలుస్తాంటే అట్ల ఉరికితిరి?" అన్నాడు దేవదానం సార్, నా బండి తాళం చూపిస్తూ. "ఈ ఇల్లు ఏదని వీధిలో అడుగుతా వచ్చినా."

ఆయన తన భార్య వెళ్లే చర్చికి మారాడట. పులివెందుల నుంచి పాస్టర్ వచ్చి ఈ పొద్దునే పెన్నలో ముంచి బాప్తిస్మం ఇచ్చాడట. నేను తర్వాత వింటానన్నది ఆ సంగతే. మంచులో నా గొంతు పోల్చుకుని, నేను ఊదరగొట్టిన సాబియీన్లు గుర్తొచ్చి సరదాకి 'ఈడే ఉండాం' అన్నాడట. నేలలోకి దిగిపోవాలనిపించింది. నజ్మా నాకిక దక్కదనుకున్నాను.

హజ్రత్ లేచి ఆయన భుజాన తువ్వాలు కప్పి, టీ తెమ్మని లోపలికి కేకేశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఒక మతం విడిచి ఇంకోదానిలోకి పోయినోడని కూడా సాబియీన్ పేరుకు అర్థం చెప్తారప్పా. మక్కాలో మొదట మనోళ్లనే అట్ల పిలిచినారు. పిలిచినోళ్లు నీ మాదిరే గట్టు మీద నిలబడి భయపడినోళ్లు."

ఇంతలో తలుపు వెనక నుంచి, నాన్నతో అంటున్న నజ్మా గొంతు వినిపించింది.

"అబ్బా, ఆయన్నే చేసుకుంటా. అబద్ధం చెప్పాలన్నా భయపడే మనిషి."

పెళ్లికి దేవదానం సార్ తెల్లబట్టల్లోనే వచ్చాడు. ఇప్పటికీ చలికాలం ఆ ఒడ్డున వెళ్తుంటే నా బండి దానంతటదే వేగం పెంచుతుంది. ఈ పెన్న సాక్షిగా ఒట్టు వేసి చెబుతున్నాను. ఇకమీదట మంచులో ఎవరు కనబడినా, ముందు పేరు అడుగుతాను. ఆ తర్వాతే పేరు పెడతాను.