తడి ఆరని బోర్డు

చిత్తూరు నుంచి తిరుపతికి పోయే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో కొత్తగా రాయించిన టులెట్ బోర్డు ఉంది. రంగు ఇంకా ఆరలేదని దాన్ని మోకాళ్ల మీద నిలబెట్టి పట్టుకున్నాడు.

"రిటైరైనప్పుడు వచ్చిన దుడ్డంతా పెట్టి తిరుపతిలో నాలుగు పోర్షన్లు కట్టినానప్పా. నాకు పింఛను లేదు. బాడుగలతో బతకచ్చులే అనుకొన్నాను."

"ఎవరూ దిగలేదా?"

"వస్తారు. కొళాయి తిప్పి సూస్తారు, నీళ్లు బాగుండాయంటారు. పోయినోళ్లు మళ్లీ రారు. రెండేండ్లుగా ఇదే కత."

నేనూ అప్పుడు తిరుపతిలో ఇల్లు వెతుకుతున్నాను. ఆ మాట చెప్పగానే ఆయన బోర్డును గబగబా నా వైపు తిప్పాడు.

"వాకిలి ఏ పక్కకుండాది?" అన్నాను. అందరూ అడిగేదే నేనూ అడిగాను.

"దక్షిణం. ఉండే జాగాలో నాలుగు పట్టాలంటే అట్లే పెట్టాల్సొచ్చింది," అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను. ఆయన బోర్డును మెల్లగా తన వైపు తిప్పుకున్నాడు. తడి రంగు తెల్లచొక్కాకు అంటుకున్నా చూసుకోలేదు.

ఇప్పుడు నేనుండేది తూర్పు వాకిలి ఇల్లు. పొద్దున్నే తలుపు తీసి కూర్చుంటే ఎండ నేరుగా మొహాన కొడుతుంది. లేచి తలుపు వేసేస్తాను.