వేణుగోపాలుడి చెవి

నా చిన్నప్పుడు, ఎనభైల్లో, ఎండాకాలం సెలవులు రాగానే మాచర్లలో మా తాతయ్య ఇంట్లో వాలిపోయేదాన్ని. ఒక ఏడు మాత్రం ఇల్లు ముభావంగా ఉంది. గుంటూరులో ఎమ్మే పూర్తి చేసిన మా పిన్ని, శిల్పాల మీద పరిశోధనకు హైదరాబాదు వెళ్తానంటోంది. పత్తి వ్యాపారం చేసే తాతయ్య ససేమిరా అంటున్నాడు. బొమ్మలు చూడటం కూడా ఒక చదువేనా అని ఆయన బాధ. మొండితనంలో పిన్ని అచ్చం ఆయన కూతురే. ఇద్దరి మధ్యా నలిగిపోయింది మా అమ్మమ్మ.

పిన్ని బల్ల మీద ఒక గడ్డం దొరగారి ఫోటో ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ మాట్లాడే దేశంలో పేరుమోసిన కళాచరిత్రకారుడట. పోయినవాళ్ళ ఫోటో బొట్టు లేకుండా ఉండకూడదని మా అమ్మమ్మ ఆయన నుదుట కుంకుమ పెట్టింది. పిన్ని నవ్వుకుంది గానీ తుడవలేదు.

మామిడికాయ ముక్కలు ఉప్పూకారంలో అద్దుకుని తింటూ పిన్ని నాకు ఆయన కథ చెప్పేది. తండ్రి వకీలు కమ్మంటే, ఆ చదువు మధ్యలో వదిలేసి ఇటలీ వెళ్ళాడట. చీకటి చర్చిల్లో గంటల తరబడి నిలబడి పటాలు చూసేవాడట. మొహాలు కాదు, చెవులూ గోళ్ళూ. మొహం దగ్గర ఏ చిత్రకారుడైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని గీస్తాడు, చెవి దగ్గరకొచ్చేసరికి చెయ్యి తన అలవాటు ప్రకారం పోతుంది. దాన్ని పట్టుకుని, ఏ పటం ఎవరిదో చెప్పేవాడు. మొదట్లో అందరూ ఎగతాళి చేశారు, తర్వాత వాళ్ళే పిల్లల్ని ఆయన దగ్గర చదువుకు పంపారు. ఆయన ఊళ్ళో అందరూ ప్రాణంగా చూసుకునే తల్లీబిడ్డల పటం ఒకటుండేది. అలాంటిదే ఇంకో ఊళ్ళోనూ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు, మనది నకలు అని చెప్పింది ఆయనే. చిన్నప్పటి నుంచీ ఆ పటమంటే ఆయనకీ ప్రాణమే. ఊళ్ళో చాలామంది ఆయనతో మాట్లాడటం మానేశారట.

మా తాతయ్యకూ అలాంటి ప్రాణం ఒకటుంది. వసారా గూట్లో నల్లరాతి వేణుగోపాలుడు. వాళ్ళ నాన్న పొలం దున్నుతుంటే దొరికాడని, పల్నాటి యుద్ధం నాటివాడని వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. ఒకరోజు చుట్టాల ముందే పిన్నిని పిలిచాడు.

"ఏమే, అంత చదివావుగా, మన సామి ఏ కాలపోడో చెప్పు. సరిగ్గా చెప్పావా, హైదరాబాదు పంపిస్తా."

యుద్ధం నాటిదే అని ఒక్క మాట అంటే చాలు, పిన్ని చదువు నిలబడుతుంది. పిన్ని మాత్రం గడువు అడిగింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బస్సులో దగ్గర్లోని దుర్గికి వెళ్ళింది. శిల్పాలు చెక్కేవాళ్ళ ఇళ్ళ ముందు కూర్చోబెట్టి చెవులు మాత్రమే చూడమంది. చూశాను. ప్రతి దేవుడికీ చెవి తమ్మె బయటికి తిరిగి, చిన్న గరిటెలా ఉంది. ఆ తీరు తన తండ్రితోనే మొదలైందని అక్కడి పెద్దాయన మురిసిపోతూ చెప్పాడు. మా ఇంటి గోపాలుడి చెవీ అదే. నాకు ఏడుపొచ్చింది.

"పాతదేనని చెప్పు పిన్నీ, పోయేదేముంది?" అని బస్సులో బతిమాలాను. నా తల నిమిరింది.

సాయంత్రం తాతయ్య వసారాలో విసనకర్రతో విసురుకుంటున్నాడు. పిన్ని పక్కన కూర్చుంది.

"నాన్నా, ఇది దుర్గిలో చేసింది. మహా అయితే నీ వయసుంటుంది."

విసనకర్ర ఆగిపోయింది. పిన్ని లేచి పోతుందనుకున్నాను. పోలేదు. ఆయన చేతిలోంచి విసనకర్ర తీసుకుని తనే విసరసాగింది. కాసేపటికి తాతయ్య భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని భయపడ్డాను. తీరా చూస్తే నవ్వు!

"ఓర్నీ, మా నాయన ఎంత పని చేశాడు! డబ్బు పోసి కొన్నానంటే మా అమ్మ చంపుద్దని, పొలంలో దొరికిందని కోతలు కోశాడే!"

నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత పిన్ని వంక చూసి, "నా మొహం చూసి ధర చెప్పేటోళ్ళు చానామంది ఉన్నారు. సరుకు చూసి చెప్పింది నువ్వొక్కదానివే. పెట్టె సర్దుకో" అన్నాడు.

పిన్ని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇన్నేళ్ళలో అయినవాళ్ళకు నచ్చని మాట చెప్పాల్సిన రోజులు నాకూ వచ్చాయి. పిల్లలకు, మా ఆయనకు, ఒకసారి ప్రాణస్నేహితురాలికి. ఆ క్షణాన నాకు గుర్తొచ్చేది పిన్ని చెప్పిన మాట కాదు, ఆ తర్వాత ఆమె చేసిన పని. అందుకే నిజం చెప్పేసి లేచిపోవడం నాకు చేతకాదు. చెప్తాను, చెప్పి ఆ మనిషి పక్కనే కూర్చుంటాను.