పూలబీడులో గొర్రెల మంద

ఉదయగిరి దగ్గర చచ్చిపోయిన పూలబీడుకు ప్రాణం పోసింది నేనేనని రాజమండ్రిలో కనపడ్డవాళ్ళందరికీ చెబుతుంటాను. నిజం చెప్పాలంటే, సాయం చేస్తామని వెళ్ళిన ఇరవై మందిలో నేనొకణ్ణి. నేను పీకిన వయ్యారిభామ కలుపు కంటే తాగిన మజ్జిగే ఎక్కువ.

ఆ రోజు పొద్దున, ఏడాదంతా ఏరి దాచిన తుమ్మి, విష్ణుక్రాంత విత్తనాలన్నీ బీడులో చల్లాం. మళ్ళీ చల్లడానికి గుప్పెడు కూడా మిగల్లేదు. నన్ను కాపలా ఉంచి అందరూ భోజనానికి వెళ్ళారు. కాసేపు కన్ను మూశాను. తెరిచేసరికి బీడు నిండా గొర్రెలు, వాటి వెనక కర్రతో ఒకామె.

"అమ్మా, తోలెయ్! విత్తనాలన్నీ పోయాయి!" అంటూ పంచె ఎగ్గట్టి పరుగెత్తాను.

"ఏంది పెద్దాయనా ఆ కేకలు? ఇంత సన్న విత్తనం పైపైన చల్లి పెట్టినారే, గాలికి కొట్టకపోదా, చీమలు మోసకపోవా? మా నాయన సజ్జలు చల్లినాక మందను ఒక చుట్టు తిప్పేవాడు. గిట్టలు తొక్కితేనే విత్తనం మట్టిలో దిగేది."

వంగి చూశాను. గిట్టల గుంటల్లో విత్తనాలు భద్రంగా అణిగి ఉన్నాయి. అప్పటికి గానీ ఊపిరి ఆడలేదు.

ఇంతలో మావాళ్ళు తిరిగొచ్చి గొర్రెల్ని చూసి నిర్ఘాంతపోయారు. "కంగారు పడకండి, మందను నేనే తోలించాను" అన్నాను గంభీరంగా.

"తోలించినాడంట!" అందామె. "ఈయన నోరు తెరుచుకుని దోవకడ్డంగా నిద్రపోతా ఉంటే, తొక్కకుండా గొర్రెల్ని పక్కకి తోలేదానికి నా పానం పోయింది."