పక్క సీట్లో కఫీల్

ఆ రోజుల్లో దోహాలో పొద్దున్నే డ్యూటీకి బయల్దేరిన ప్రతివాడూ నన్ను తిట్టేవాడు. ఆ తిట్లు పడాల్సినవాణ్ని నేనేనని వాళ్లకు తెలియదు, అదొక్కటే నా అదృష్టం. ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఇంకా నాలుగేళ్లుందనగా ఊరు ఊరంతా తవ్వేశారు. ఎక్కడ తవ్వితే అక్కడ బండ్లను పక్కకు మళ్లించడానికి ఒక బొమ్మ గీయాలి. ఏ బోర్డు ఎక్కడ పెట్టాలి, ఎర్ర కోన్లు ఎంత దూరానికొకటి ఉండాలి, ఎన్ని మీటర్ల ముందు హెచ్చరిక రావాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. రోడ్ల కంపెనీలో అది నా పని. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మేముండే వీధికి కూడా ఒకసారి నేను గీసిన డైవర్షన్ పడి, నా ఇంటికి నేనే ముప్పావుగంట చుట్టూ తిరిగి చేరాను.

మళ్లించడం వృత్తి అయ్యాక ఇంట్లో కూడా అదే అలవాటైంది. నా భార్య నా మేనమామ కూతురు. జగిత్యాల దగ్గర మా మామకు పసుపు చేను, ఒక పాత జీపు ఉండేవి. పద్దెనిమిది నిండగానే లైసెన్సు తీసుకుని, పసుపు బస్తాలు వేసుకుని, కంకర రోడ్డు మీద మెట్‌పల్లి మార్కెట్ యార్డుకు జీపు తోలిన మనిషి ఆవిడ. దోహా వచ్చాక ఆరేళ్లుగా నా పక్క సీట్లో కూర్చుంటోంది. అప్పట్లో ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో చేరాలంటే, తనకు అభ్యంతరం లేదని స్పాన్సర్ ఒక కాగితం రాసివ్వాలి. స్పాన్సర్‌ని ఇక్కడ కఫీల్ అంటారు. నాకు కఫీల్ మా కంపెనీ. ఫ్యామిలీ వీసా మీద వచ్చిన భార్యకు కఫీల్ మొగుడు. అంటే నేను.

మూడేళ్లుగా ఆ కాగితం అడుగుతోంది. "సంతకం ఎప్పుడు పెడ్తవు బావా?" అంటే ఎండాకాలం పోనీ అనేవాణ్ని. ఎండాకాలం పోతే రంజాన్ కానీ అనేవాణ్ని. రంజాన్ అయ్యాక, అదిగో ఆ పెద్ద రౌండ్‌అబౌట్ తీసేసి సిగ్నల్ పెడుతున్నారు, అది అయిపోనీ అనేవాణ్ని. వద్దు అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. అంత ధైర్యం ఎక్కడిది నాకు? ఆవిడకు బాగా కోపమొచ్చిన రోజున నేను బావను కాను. "కఫీల్ సాబ్, బువ్వ తింటరా?" అని పిలుపు వచ్చేది.

ఆ ఏడు సెలవుకు ఊరికి కాకుండా ఆఫ్రికాకు పోదామన్నది ఆవిడే. నమీబియాలో బండి అద్దెకు తీసుకుని, బోట్స్వానా మీదుగా విక్టోరియా జలపాతం దాకా మూడు వారాలు రోడ్డు మీదే అంది. నేను వెంటనే ఒప్పుకున్నాను. రోడ్లంటే నాకంటే తెలిసినవాడెవడు?

ఈ సంగతి తెలిసి మా అత్తమ్మ, అంటే ఆవిడ తల్లి, కంగారుగా ఫోన్ చేసింది.

"దుబాయ్ కంపెనీ తీసేసిందా అల్లుడా?"

"మేముండేది ఖతర్ అత్తమ్మా, దుబాయ్ కాదు." తొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉన్నాను.

"ఏదైతేంది, గదీ దుబాయే గద. ఆఫ్రికాల డ్యూటీ దొరికిందా మరి?"

"డ్యూటీ కాదు. చూసొద్దామని పోతున్నం."

"డ్యూటీ లేకుంట పోతరా? అడివిలకు?"

ఆవిడ తప్పేం లేదు. మా వైపు గల్ఫ్‌వాడు విమానమెక్కితే పనికైనా పోవాలి, ఇంటికైనా రావాలి. మూడో కారణం ఎవరూ వినలేదు. వారం తిరక్కుండా నా ఉద్యోగం ఊడిందని ఊరంతా తెలిసిపోయింది. ఈసారి సౌదీకి ప్రయత్నించమని ఇద్దరు ఫోన్లో ధైర్యం కూడా చెప్పారు.

విండ్‌హోక్‌లో బండి అద్దెకిచ్చే ఆఫీసులో నా ఖతర్ లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాను. అక్కడి అమ్మాయి కాగితాలు నింపుతూ రెండో డ్రైవర్ ఎవరైనా ఉన్నారా అని అడిగింది. లేరని నేను చెబుతుండగానే మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, మురుకుల ప్యాకెట్ కిందనుంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసింది. అందులో ఆవిడ ఇండియా లైసెన్సు, విదేశాల్లో నడపడానికిచ్చే పర్మిట్ ఉన్నాయి. కిందటి సెలవులో జగిత్యాలలో నాకు చెప్పకుండా చేయించుకుందట. "ఉన్నరు" అంది తెలుగులోనే. ఆ అమ్మాయికి అర్థమైంది.

నమీబియాలో బండ్లు ఎడమ పక్కన పోతాయి. ఇండియావాణ్ని, నాకేం కొత్త అనుకున్నాను. మరిచిపోయిందేమిటంటే, ఇండియాలో నేను నడిపింది సైకిలూ, మా నాన్న మోపెడూ. కారు నేర్చుకున్నది దోహాలో, కుడి పక్కన, గేర్లు మార్చే పని లేని బండి మీద. ఇక్కడ గేరు కోసం కుడిచెయ్యి చాపితే తలుపు తగిలింది. మలుపులో లైటు వేద్దామని నొక్కితే వైపర్లు ఆడాయి. చినుకు లేని ఊళ్లో పొడి అద్దం మీద కీచుకీచుమంటూ వైపర్లు ఆడించుకుంటూ మొదటి రౌండ్‌అబౌట్‌లోకి దోహా పద్ధతిలో కుడికి తిరిగాను. ఎదురుగా లారీ. ఆ డ్రైవరు తిట్టలేదు, దిగి వచ్చి ఏ దేశమని మర్యాదగా అడిగాడు. ఖతర్ అన్నాను. అక్కడ ఇలాగే పోతారా అన్నాడు. అవునన్నాను. అబద్ధమేం కాదు కదా.

వెనక్కి తీయమన్నాడు. రివర్స్ గేరు ఎక్కడుందో నాకు దొరకలేదు.

"దిగు బావా" అంది మా ఆవిడ.

"క్లచ్ టైట్‌గా ఉన్నది. ఈ బండే బాగలేదు."

"ఆడలేక మద్దెల ఓడన్నడట. దిగు."

దిగాను. ఆ తర్వాత మూడు వారాలూ స్టీరింగ్ నా చేతికి రాలేదు. ఊరు దాటి కంకర రోడ్డెక్కగానే ఆవిడ భుజాలు సర్దుకుని, "మెట్‌పల్లి రోడ్డు లెక్కనే ఉన్నది" అని నవ్వింది. ఎక్కడ బ్రేకు వేయకూడదో, ఎక్కడ గేరు దించాలో ఆ కాళ్లకు, చేతులకు ఇంకా గుర్తుంది. మెల్లగా ఏదో కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. దోహాలో ఆరేళ్లలో నేనా రాగం వినలేదు. ఇక్కడ సంతోషపడ్డానని రాయాలి. నిజానికి కుళ్లుకున్నాను. కాలికింద లేని బ్రేకును తొక్కుతూ, "చూసుకో, చూసుకో" అంటూ సలహాలిచ్చాను. మూడో రోజున "కాలు గుంజుతలేదా బావా, ఊకె గట్ల తొక్కుతున్నవ్?" అంది. గుంజుతోంది, కానీ చెప్పలేదు. ఎటోషా అడవిలో సింహాన్ని కూడా చూశాం. అది పడుకుని ఉంది. ఆ ప్రయాణంలో నా పని కూడా దాదాపు అదే.

ఉత్తరంగా పోతుంటే ఒకచోట రోడ్డు పని జరుగుతోంది. ఒకామె ఒకవైపు ఆగమని, ఇంకోవైపు వెళ్లమని రాసి ఉన్న బోర్డు పట్టుకుని మమ్మల్ని ఆపింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు నా పని కనబడింది! దిగి వెళ్లి, కోన్లు సరైన దూరంలో పెట్టారని మెచ్చుకున్నాను. నేనేం చేస్తానని అడిగింది. ఖతర్‌లో ఫుట్‌బాల్ పోటీల కోసం రోడ్లు మళ్లిస్తానని కాస్త గొప్పగానే చెప్పాను. ఆమె నా భుజం మీదుగా బండి వైపు చూసింది.

"మీ ఆవిడ బాగా నడుపుతోంది. అక్కడ కూడా ఆవిడే నడుపుతుందా?"

"అక్కడ ఇంకా లేదు" అన్నాను.

"ఎందుకు?"

ఎండాకాలం అని చెబుదామా అనిపించింది. ఈలోగా ఆమె బోర్డు తిప్పేసింది.

నమీబియా ఈశాన్యం మూలన, అడవి మధ్య రోడ్డు మీద ఏనుగుల మంద అడ్డం వచ్చింది. మా ఆవిడ ఇంజను ఆపేసింది. పెద్దవి దాటాయి, గున్నలు దాటాయి. చివరిది, ఒక ముసలిది, రోడ్డు మధ్యలో నిలబడి మా వంకే చూస్తోంది. ముందుకు పోలేం. ఇంజను వేస్తే దానికి కోపమొస్తుందేమోనని భయం.

"బావా, ఒక్క మాట అడుగుత. మళ్ల ఎండకాలం, రంజాన్ అనద్దు" అంది మా ఆవిడ. "మూడేండ్ల సంది ఒక్క సంతకం. ఎందుకు పెడ్తలేవు?"

నేను అద్దంలోంచి వేలు చూపించాను. "ఏనుగును చూడు, చెవులు ఆడిస్తున్నది."

"ఏనుగు ఏడికి పోతలేదు. నువ్వు చెప్పు."

చెప్పాను. పెళ్లికి ముందు బ్యాచిలర్‌గా ఉన్నప్పుడు దోహా లైసెన్సు పరీక్షలో నేను నాలుగుసార్లు ఫెయిలయ్యాను. ఐదోసారి పాసై, ఊరికి ఫోన్ చేసి ఒక్క దెబ్బకే వచ్చిందని కోతలు కోశాను. గల్ఫ్ లైసెన్సంటే మా ఊళ్లో డిగ్రీ పట్టా కంటే ఎక్కువ. మా మామ నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాడు. నువ్వు పరీక్షకు పోయి మొదటిసారే పాసైతే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అన్నాను.

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు కూడా.

"గింతేనా?" అంది. "వక్రాల బడి యాదికున్నదా?" అని అడిగింది.

గుర్తులేదు. అదే నా అసలు నేరం. రెండేళ్ల కింద దోహా పక్క ఊరు అల్ వక్రాలో ఒక బళ్లో సైన్స్ టీచర్ పోస్టుకు ఆవిడను ఇంటర్వ్యూకు పిలిచారు. నేనే తీసుకెళ్లాను. రమ్మన్నారు కూడా. రోజూ పోయిరావడమెలా అని అడిగితే, దూరం, పైగా దారంతా డైవర్షన్లు అన్నానట. ఆ డైవర్షన్లు గీసింది నేనే.

"గా దినం బాత్రూంల నల్ల ఇప్పుకొని ఏడ్చిన. నువ్వు హాల్ల క్రికెట్ చూస్తున్నవ్. వాల్యూం తగ్గిస్తవేమో అనుకున్న. పెంచినవ్."

నాకు సిగ్గేసింది. దాన్ని ఇంతకంటే సాహిత్యం చేయలేను. సారీ అన్నాను. ముసలి ఏనుగు ఎప్పుడు వెళ్లిపోయిందో ఇద్దరం చూడలేదు. వెనకనుంచి ఎవరో హారన్ కొడితే ఆవిడ కళ్లు తుడుచుకుని ఇంజను వేసింది.

జలపాతం చూశాం. దాని పొగ, చప్పుడు, ఇంద్రధనుస్సు గురించి చాలామంది రాశారు, నేను రాయను. నేనక్కడ నిలబడి మనసులో ఆ కాగితానికి వాక్యాలు కూర్చుకుంటున్నాను.

దోహా తిరిగొచ్చిన మర్నాడే కాగితం తయారుచేశాను. "నా భార్య డ్రైవింగ్ నేర్చుకోవడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు." ఒక్క వాక్యానికి మూడేళ్లు. సంతకం పెట్టి ఇస్తే రెండుసార్లు చదివి, మడిచి, బ్యాగులో పెట్టుకుంది. థాంక్స్ చెప్పలేదు. వక్రా బళ్లో ఆ పోస్టు ఎప్పుడో నిండిపోయింది.

డ్రైవింగ్ స్కూల్లో చేరింది. కుడి పక్కన నడపడం వారంలోనే పట్టేసిందని అక్కడి టీచరమ్మ మెచ్చుకుంది. పరీక్ష రోజున నేను డ్యూటీ మానేసి గేటు బయట నిలబడ్డాను. ఆవిడ వస్తూనే చేతులు ఊపింది.

"ఫెయిలైన! పార్కింగ్ల వెనుకకు తీస్తాంటె కోన్‌ను గుద్దిన."

నా లోపల ఒక మూల హాయిగా అనిపించింది. దాన్ని దాచి లాభం లేదు. ఆ హాయి ఇంటిదాకా కూడా నిలవలేదు. ఎందుకంటే ఆవిడ కార్లో కూర్చోగానే ఫోన్ తీసి స్పీకర్ పెట్టి, "అమ్మా, నేను ఫెయిలైన!" అని పకపకా నవ్వింది. తర్వాత పై అంతస్తులో ఉండే కుటుంబానికి చెప్పింది. కిరాణా కొట్టు మలయాళీకి హిందీలో చెప్పింది. కోన్ ఎట్లా పడిందో చేతులతో చూపించింది కూడా. అందరూ నవ్వారు. ఆవిడకేం కాలేదు. పాలప్యాకెట్ తీసుకుని ఇంటికొచ్చింది. నేను ఇన్నేళ్లు దేనికి భయపడ్డానో అది ఇంతే.

ఆ సాయంత్రం మేడ మీదికెక్కి అత్తమ్మకు ఫోన్ చేశాను.

"అత్తమ్మా, ఒక మాట. నాకు అప్పుడు లైసెన్సు ఒక్క దెబ్బకే రాలేదు. నాలుగుసార్లు ఫెయిలైన."

"మాకెర్కనే అల్లుడా" అంది అత్తమ్మ, ఏమాత్రం తొణక్కుండా. "నీతోటి రూంల ఉన్న మన ఊరాయన పెండ్లికి ముందే చెప్పిండు. నాలుగు కాదట గద, అయిదట?"

అయిదే. ఏనుగు ముందు కూడా ఒకటి తగ్గించే చెప్పాను. మీకు కూడా.

"మరి... తనకు తెలుసా?"

"తెలువకుంటెట్ల? ఎవ్వలు బావతోటి అనద్దు, చిన్నబుచ్చుకుంటడు అని మా అందరి నోళ్లు మూసిందే అది."

ఫోన్ పెట్టేశాను. మూడేళ్లు నన్ను సంతకం అడిగిన ప్రతిసారీ నేనెందుకు పెట్టడం లేదో ఆవిడకు తెలుసు. ఒక్క మాట బయటపెడితే ఆ రోజే సంతకం పెట్టి ఉండేవాణ్ని. వక్రా ఉద్యోగం పోయిన రోజున కూడా ఆ మాట అనలేదు. నా పరువు కాపాడింది, తన ఉద్యోగం పోగొట్టుకుంది. ఇంత మనిషిని నేను ఎండాకాలం పేరు చెప్పి ఆపాను.

కిందికి దిగేసరికి ఆవిడ భోజనాల బల్ల దగ్గర కూర్చుని రెండోసారి పరీక్షకు ఫారం నింపుతోంది. పక్కన కూర్చున్నాను.

"అయిదు" అన్నాను.

"ఎర్కే" అంది తలెత్తకుండా, ఫారంలో తన పేరు రాసుకుంటూ.