నార్వే పోవలసిన గుల్జార్ బీ

కడప పాత బస్టాండులో ఎండాకాలం బస్సెక్కినవాళ్లకు గుల్జార్ బీని కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. మీరు సీట్లో కూర్చోగానే చంకలో కాగితాల కట్టతో ఒకామె మెట్టు మీద కాలు పెట్టి, "యాడికి పోతాండావు నాయనా?" అని అడుగుతుంది. వేంపల్లె అంటారు మీరు. "అయితే ఆ పక్కకు పో. ఈడ కూచుంటే వేంపల్లె దాకా ఎండ నీ మొగం మీదనే కూచుంటాది" అంటుంది. మీరు నీడ పక్కకు మారి కుదుటపడ్డాక కట్టలోంచి ఒక పత్రిక తీసి చేతిలో పెడుతుంది.

"చదువుకో నాయనా. చదువు రాకుంటే ఇసురుకో."

ఆ పత్రిక పేరు 'నడిబజారు'. ఇల్లూ వాకిలీ లేక రోడ్డు పక్కన బతికేవాళ్లు అమ్ముకుని నాలుగు మెతుకులు తినాలని 'చలువపందిరి' అనే సేవాసంస్థ దాన్ని నెలనెలా అచ్చు వేసేది. విదేశాల్లో ఇలాంటి వీధి పత్రికలు ఉన్నాయని విని మా డైరెక్టరు ప్రదీప్‌కుమార్ గారు మొదలుపెట్టారు. నేను అందులో అచ్చుతప్పులు దిద్దేవాణ్ని. మా ఊరి బడిలో అయ్యవారుగా పిల్లలకు చెప్పిన చదువు ఆ పనికి చాలింది. సంపాదకీయాలు మాత్రం డైరెక్టరు గారే రాసేవారు. 'సామాజిక పరివర్తన' అన్న మాట లేకుండా ఆయన కలం పేరా దాటేది కాదు. ఎండాకాలం సంచికలు ఎక్కువగా చెల్లిపోవడం చూసి, జనంలో చైతన్యం వేసవిలో పెరుగుతుందని ఆయన ఒక సిద్ధాంతం కూడా చేశారు. అట్ట ఇంకాస్త మందంగా వేస్తే విసురుకోవడానికి బాగుంటుందని గుల్జార్ బీ ఒకసారి చెప్పింది. ఆయన ఆ మాటను వినలేదు గానీ, 'పాఠకులు బలమైన పత్రికను కోరుతున్నారు' అని మరుసటి నెల రాశారు.

గుల్జార్ బీ పెనిమిటి బండల క్వారీలో పోయాడు. బాడుగ కట్టలేక, పాలు తాగే బిడ్డ షమీమ్‌ను ఎత్తుకుని ఆమె బస్టాండు గోడ పక్కకు వచ్చి చేరింది. ఎదురుగా నాగసుబ్బయ్య శెట్టి గారి కూల్‌డ్రింకుల కొట్టు. పొద్దున్నే పరుపు చుట్టి ఆ కొట్లో గోనెల వెనక పెట్టేది, మాపటికి తీసుకునేది. పెట్టుకోనా అని ఆమె అడిగింది లేదు, పెట్టుకో అని ఆయన చెప్పిందీ లేదు. భగవంతుడు కొన్ని మంచిపనులను మాటలు లేకుండానే జరిపిస్తాడు. షమీమ్ ఆ గోడ పక్కనే పెరిగి పెద్దదై, ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలే పిల్లవాణ్ని పెళ్లాడింది. ఆ పెళ్లినాడు వియ్యపురాలు ఒక్కటే మాట అడిగింది.

"మాకు పెట్టుపోతలేం వద్దు వదినా. తొలి కాన్పు మాత్రం పుట్టింట్లో జరగాల. మా ఇంట్లో అందరికీ అట్లనే జరిగింది."

"అట్లనే వదినా" అంది గుల్జార్ బీ, గోడ వైపు చూడకుండా.

రెండువేల ఎనిమిది చివర్లో షమీమ్ నెల తప్పిందని కబురు వచ్చింది. ఆ కబురు వెనకాలే, నార్వే దేశంలో వీధి పత్రికలవాళ్లంతా కలిసే అంతర్జాతీయ మహాసభకు మా పత్రికను కూడా పిలిచారు. ఒక నిర్వాహకుడు, ఒక విక్రేత రావాలట. నిర్వాహకుణ్ని ఎన్నుకోవడానికి మాకు ఎంతోసేపు పట్టలేదు. డైరెక్టరు గారు తన పేరు తానే ప్రతిపాదించి, మా అందరికీ ధన్యవాదాలు కూడా తానే చెప్పారు. విక్రేత దగ్గర కాస్త తర్జనభర్జన జరిగింది. బాగా అమ్మేవాళ్లలో కంబన్న ఉన్నాడు గానీ, మనిషి ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. నవ్వు ముఖంతో విదేశాలకు పోతే పేదరికం నమ్మేదెవరు అని డైరెక్టరు గారి బెంగ. గుల్జార్ బీ ముఖంలో కష్టం చక్కగా కనిపిస్తుందని ఆమెను ఖాయం చేశారు. పాస్‌పోర్టుకు చిరునామా లేకపోతే కుదరదు గనక, కాగితాల్లో మా ఆఫీసునే ఆమెకు ఇల్లు చేశారు.

ఇక తయారీ మొదలైంది. వ్యక్తిత్వ వికాసం నేర్పడానికి హైదరాబాదు నుంచి హిమబిందు అనే అమ్మాయి వచ్చింది. మంచి పిల్ల. తాను నేర్చుకున్నదంతా ఎదుటివాళ్లకు నేర్పాలన్న తొందర తప్ప మరే దోషమూ లేదు. ముళ్ల చెంచాతో ఉప్మా తినడం ఒకరోజు, చేతులు కలపడం ఒకరోజు, అర్థం కాకపోయినా అర్థమైనట్టు తల ఊపడం ఒకరోజు నేర్పింది. ఈ చివరిది నేర్పకుండానే మా ఆఫీసులో అందరికీ వచ్చు. నార్వేలో చలి గట్టిగా ఉంటుంది గనక, స్వెట్టరు, మేజోళ్లు ఇప్పటినుంచే అలవాటు కావాలంది. మే నెల కడపలో గుల్జార్ బీ ఎర్ర ఉన్ని స్వెట్టరు వేసుకుని పత్రికలు అమ్మింది.

"ఏం బీబమ్మా, చలిజరమా?" అన్నాడు నాగసుబ్బయ్య.

"కాదు శెట్టీ, నార్వే."

"ఆ జబ్బుకు మందుండాదా?"

"ఉండాదంట. ఇమానమెక్కితే పోతాదంట."

ఆయన పెద్ద గ్లాసుతో మజ్జిగ చేతిలో పెట్టాడు. ఆ నెలంతా ఆమె స్వెట్టరును, ఆమెను ఆ మజ్జిగే కాపాడింది.

అన్నిటికంటే కష్టమైంది ఉపన్యాసం. సభలో వేదిక మీద ఆమె ఇంగ్లీషులో చెప్పవలసింది రెండే మాటలు. "ఐ యామ్ గుల్జార్ బీ. ఐ హ్యావ్ నో హౌస్." 'నో' దగ్గర చిన్న నిట్టూర్పు రావాలి. మాటలు త్వరగానే వచ్చాయి. నిట్టూర్పే రాలేదు.

"ఫ్యాను కింద కూచోబెట్టి, ఉప్మా పెట్టి, నిట్టూర్పు ఇడువు అంటే యాడనుంచి వచ్చాది పాపా?" అనేది హిమబిందుతో.

డైరెక్టరు గారు ఆమె ముఖం పెద్దదిగా వేసి ఒక ఫ్లెక్సీ కూడా తయారు చేయించారు. పైన ఇంగ్లీషులో, కింద తెలుగులో 'నాకు ఇల్లు లేదు' అని తాటికాయలంత అక్షరాలు. ఆ ఒక్క మాటలో అచ్చుతప్పు లేదని నేనే చూసి సంతకం పెట్టాను.

అలాంటి సమయంలో ఆమెకు ఇల్లు వచ్చింది.

సంస్థ పెట్టిన కొత్తలో, అప్పటి ఉత్సాహం కొద్దీ, రోడ్డు పక్కన ఉన్నవాళ్లందరి పేర్లతో ఇళ్లకు అర్జీలు పెట్టాం. పెట్టిన సంగతి మేము మరిచిపోయాం. ప్రభుత్వం మరిచిపోలేదు. స్వామి దయవల్ల అలాంటివి కూడా అప్పుడప్పుడు జరుగుతుంటాయి. ఊరి బయట కొత్త కాలనీలో ఒక గది, ఒక వంటిల్లు. చేరకుండా తాళం పెట్టిన ఇళ్లను వెనక్కి తీసుకుంటారని కూడా చెప్పారట. తాళంచెవి కొంగుకు కట్టుకుని, పాలకోవా పొట్లం పట్టుకుని గుల్జార్ బీ ఆఫీసుకు వచ్చి అందరి నోట్లో తలా ఒక ముక్క పెట్టింది.

"సారూ, మీరు పెట్టిన అర్జీనే. మీ కడుపు సల్లగుండ. వచ్చే శుక్రవారం పాలు పొంగిచ్చాండా. షమీమ్‌ను పిల్చుకొచ్చుకోవాల, నెలలు నిండొచ్చినాయి."

నోట్లో ఉన్న కోవాను మింగాలో వద్దో డైరెక్టరు గారికి పాలుపోలేదు. అనాథలకు నీడ కల్పించడమే మా ఆశయమని గోడ మీద పెయింటుతో రాయించిన మనిషి, ఆ గోడకే చేరగిలబడి, "మహాసభ అయ్యేదాకా ఆగలేవా అమ్మా?" అన్నారు.

"కాన్పు ఆగదు కద సారూ."

"ఇల్లున్నవాళ్లను ఆ సభకు తీసుకుపోతే ఏం బాగుంటుంది? అక్కడ సాయం దొరక్కపోతే పత్రిక ఆగిపోతుంది. నువ్వొక్కదానివి ఇంట్లో చేరితే మిగతావాళ్లంతా వీధిన పడతారమ్మా!"

"అందరం ఆడనే ఉండాం కద సారూ" అంది ఆమె. వెటకారం కాదు. ఆమెకు నిజంగానే అనుమానం వచ్చింది.

అత్యవసర సమావేశం జరిగింది. ఇల్లు వచ్చిన మనిషిని ఇల్లు లేని మనిషిగా ఎలా నిలబెట్టాలన్నది చర్చ. రాత్రి ఎక్కడ పడుకుంటే అదే నివాసం అని హిమబిందు ఒక సూత్రం చెప్పింది. దాని ప్రకారం షమీమ్ కొత్త ఇంట్లో ఉంటుంది, గుల్జార్ బీ పగలు అక్కడికి పోయి వండిపెట్టి, మాపటికి గోడ పక్కకు వచ్చి పడుకుంటుంది. విమానం ఎక్కేదాకా అంతే. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు కలవలేదు, అయినా ఆ తీర్మానంలో తప్పులు దిద్దింది నేనే. ఆమె ఒప్పుకుంది. ఇన్నాళ్లు పత్రిక ఇచ్చి బతికించినవాళ్ల మాట కాదనడం ఆమెకు చేతకాదు.

శుక్రవారం పొద్దున పాలు పొంగాయి. షమీమ్‌ను దింపడానికి వియ్యపురాలు కూడా ఎర్రగుంట్ల నుంచి వచ్చింది. గది చూసింది, పొయ్యి చూసింది, తలుపు గడియ వేసి తీసింది. అంతా బాగుందనుకుంటుండగా మూల వైపు చూసి ఆగింది.

"నీ పరుపు యాడ వదినా?"

గుల్జార్ బీ ఉన్న సంగతి చెప్పింది. నార్వే, సూత్రం, గోడ, అన్నీ.

"అయితే నువ్వు ఈడ పండుకోవా?" అంది వియ్యపురాలు. "తల్లి పండుకోని ఇల్లు పుట్టిల్లు ఎట్లయితాది? అది సత్రం. సత్రంలో కనేదానికి నా కోడలిని యాల తోడుకొచ్చినా? మాపటికి నీ పరుపు ఈడ పరిస్తే షమీమ్ ఉంటాది. లేకుంటే ఆఖరి బస్సుకు ఇద్దరం ఎర్రగుంట్లకు పోతాం. ఇంగ నన్నేమీ అనుకోవద్దు."

షమీమ్ గోడకు ఆనుకుని కూర్చుని, "అమ్మా, నువ్వు లేకుంటే నాకు బయం" అంది. అంతే అంది.

ఆ సాయంత్రమే టౌనులో ప్రతినిధులకు వీడ్కోలు సభ. పోతూ పోతూ గుల్జార్ బీ కొట్టు దగ్గర ఆగి శెట్టి గారికి వియ్యపురాలి మాట చెప్పి, ఏం చేసేదని అడిగింది. ఆయన, "నన్నేం అడుగుతాండావు? నేను సోడాలు అమ్ముకునేవాణ్ని" అని కసురుకున్నాడు.

సభ నిండుగా జరిగింది. వెనక ఫ్లెక్సీ, ముందు పూలదండలు, మధ్యలో ఎర్ర స్వెట్టరులో గుల్జార్ బీ. ఒక పెద్దమనిషి అధ్యక్షత. మనం ఎటు పోతున్నాం అని అడిగి, జవాబు చెప్పకుండానే కూర్చున్నాడు. రిహార్సలుగా ఆ రెండు మాటలు చెప్పమని ఆమెను మైకు దగ్గరకు పంపారు.

"ఐ యామ్ గుల్జార్ బీ" అంది. "ఐ హ్యావ్..."

అక్కడ ఆగింది. నిట్టూర్పు తీస్తోందనుకుని హిమబిందు ముఖం వెలిగింది.

"నాకు ఇల్లుండాది సామీ" అంది గుల్జార్ బీ. "ఈ పొద్దు పాలు పొంగిచ్చినా. బిస్మిల్లా అని గడప దాటి, మళ్లీ ఇల్లు లేదని మైకులో ఎట్ల చెప్పేది? నా బిడ్డ కాన్పుకొచ్చి ఆడ కూచోనుండాది. నేను పరుపు పరిస్తేనే ఉంటాదంట. ఆఖరి బస్సు పోకముందే పోవాల. ఆ నార్వే వాళ్లకు నా సలాములు చెప్పండి."

స్వెట్టరు విప్పి, నలగకుండా మడత పెట్టి, హిమబిందు చేతిలో పెట్టి దిగిపోయింది.

హాలంతా చప్పట్లు. అధ్యక్షుడు లేచి, "ఇల్లు లేని తల్లికి ఇల్లు ఇప్పించిన ఇలాంటి సంస్థ జిల్లాలో మరొకటి ఉందా?" అని కళ్లు ఒత్తుకున్నాడు. డైరెక్టరు గారు చేతులు జోడించి ఆ ప్రశంసను వినయంగా స్వీకరించారు. ఆయన తల వెనకే 'నాకు ఇల్లు లేదు' అని తాటికాయలంత అక్షరాలు.

ఆమె వెంట నేనూ బస్టాండు దాకా వచ్చాను. కొట్టు ముందు ఆటో నిలబడి ఉంది. పరుపు మూట అందులోకి ఎక్కేసి ఉంది, పక్కన కొత్త నీళ్ల బిందె ఒకటి.

"ఇన్నేండ్లు నీ మూట కోసం నా గోనెలు వానకు తడిసినాయి" అన్నాడు నాగసుబ్బయ్య, ఆమె వైపు చూడకుండా. "ఇంగనన్నా నా కొట్లో జాగా ఇడువు. పో, పో, ఆయమ్మ బస్సెక్కేచ్చాది."

ఆఖరి బస్సుకు వియ్యపురాలు ఒక్కతే ఎర్రగుంట్లకు పోయింది. పరుపు పరిచాక, దాని మీద కాసేపు కూర్చుని మరీ పోయిందట. షమీమ్ ఆసుపత్రిలో ఆడపిల్లను కని, ఆ గదికే తెచ్చుకుంది.

నార్వేకు డైరెక్టరు గారు, విక్రేత స్థానంలో హిమబిందు వెళ్లారు. తిరిగి వచ్చాక ఆ అమ్మాయి నాతో చెప్పి తల దించుకుంది. అక్కడివాళ్లు మొదట అడిగిందే, మీ విక్రేత ఏరి అని. సంగతి విని సభంతా లేచి నిలబడిందట. ఇల్లు దొరకాలనే కదా మనం పత్రికలు వేసేది, అలాంటామెను తీసుకురాకుండా ఎందుకు వచ్చారు అన్నారట. ఇల్లు లేనివాళ్లే రావాలని వాళ్లు ఎవరితోనూ అనలేదు. ఆ నియమం మా డైరెక్టరు గారి భక్తిశ్రద్ధల్లోంచి పుట్టింది.

ఆ మాట చేరవేయడానికి ఒక మధ్యాహ్నం కాలనీకి పోయాను. ఇల్లు పడమటి ముఖం. ముందు రెండు గుంజలు పాతి, ఎండకు అడ్డంగా ఆ ఫ్లెక్సీనే కట్టి ఉంది. ఆఫీసులో మూలన పడేస్తే అడిగి తెచ్చుకుందట. బొమ్మలో ఆమె దిగులు ముఖం, 'నాకు ఇల్లు లేదు' అన్న అక్షరాలు. దాని కింద చల్లని నీడలో చీర ఉయ్యాల. పక్కన కూర్చుని గుల్జార్ బీ 'నడిబజారు'తో మనవరాలికి విసురుతోంది.

నేను చెప్పిందంతా విని నవ్వింది.

"రమ్మన్నా మాత్రం, కాన్పు ఇడిసిపెట్టి పోతానా అయ్యోరా?" అంది. ఉయ్యాలను ఒక ఊపు ఊపి, "ఇమానంలో ఎండ ఏ పక్క పడతాదో చూడాలనుండె" అంది.

నేను ఇంకా గుంజ అవతల ఎండలోనే నిలబడి ఉన్నాను.

"యాల ఆడ నిలబడినావు? ఎండంతా నీ మీదనే ఉండాది. ఈ పక్కకు రా."

జరిగి నాకు చోటిచ్చింది.